పంచలోహాలూ, బొగ్గుపులుసు వాయువూ

మొన్న సంక్రాంతికి మా తర్లుపాడుకు నా పాత శిష్యుడొకడు వచ్చాడు. పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదువుకొన్నవాడు. ఇప్పుడు దూరాన ఒక నగరంలో ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. వాళ్ళ నాన్న జీవితమంతా మార్కాపురం పలకల గనుల్లో రాయి చీల్చిన మనిషి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. పిల్లవాడు నా దగ్గర కూర్చొని, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, చివరకు అసలు విషయం బయటపెట్టాడు.

"మాస్టారూ, నాన్న వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు, ఇంతకీ నువ్వు చేసే పనేమిటిరా అని. ఇంగ్లీషులో అయితే గంటసేపు చెప్పగలను. తెలుగులో నోరు పెగలడం లేదు. ఈయన ఎన్నాళ్ళుంటాడో తెలియదు. చెప్పకుండా మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. వాడికి ఉత్పలమాల గణాలు నేర్పాను, సంధులు నేర్పాను, బహువ్రీహికి విగ్రహవాక్యం చెప్పించాను. కన్నతండ్రికి తన పని చెప్పుకోవడానికి కావలసిన మాటలు మాత్రం ఇవ్వలేకపోయాను. అందుకని ఆ నాలుగు రోజులూ వాడు చెబుతుంటే నేను రాసుకొన్నాను, తర్వాత నా శక్తికొద్దీ చదివాను. ఈ టపా ఆ రాతల సారం. విజ్ఞానశాస్త్రం నా విద్య కాదు. చరిత్ర మీద ఇష్టం కొద్దీ రాస్తున్నాను.

వాడి పని ఒక్క వాక్యంలో ఇది: బొగ్గుపులుసు వాయువు కరిగిన నీళ్ళలో లోహపు రేకును ముంచి, విద్యుత్తు పంపి, ఆ వాయువును మళ్ళీ పనికివచ్చే వస్తువుగా మార్చడం. ఏ లోహపు రేకు, ఎలా తయారుచేసిన రేకు అన్నదే వాళ్ళ పరిశోధన.

"బొగ్గుపులుసు వాయువు" అన్న మాట విని నేటి పిల్లలు నవ్వుతారు. మేమూ మా చదువుకొనే రోజుల్లో నవ్వాం. కానీ ఆ మాట కట్టినవారు ఆలోచించే కట్టారు. ఆమ్లానికి తెలుగు పులుసు. బొగ్గు కాలితే పుట్టే వాయువు, నీళ్ళలో కరిగితే పులుపు. సోడా తాగినవారికి ఈ సంగతి నాలుక మీదే తెలుసు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలసిన కాలంలో, శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న పంతంతో పెద్దలు ఇటువంటి మాటల కోసం ఎంత తంటాలు పడ్డారో తలచుకొంటే నవ్వు ఆగిపోతుంది.

ఈ వాయువు కథ సున్నపురాయితో మొదలవుతుంది. 1750ల్లో స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు సున్నపురాయి వంటి పదార్థాలను కాల్చి తూచాడు. కాల్చిన తర్వాత బరువు తగ్గింది. తగ్గిన బరువంతా రాయిలో బందీగా ఉన్న ఒక గాలిదని తేల్చి, దానికి "స్థిరవాయువు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనం ఊదే ఊపిరిలోనూ అదే ఉందని సున్నపుతేటను పాలలా విరగగొట్టి చూపించాడు. మా బడిలో సైన్సు మాస్టారు గాజు గొట్టంతో సున్నపుతేటలోకి ఊదించి చూపిన ప్రయోగం అదే. లెక్క చాలా సులభం. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తుంది. మనకు పొరుగున పల్నాటిలో పిడుగురాళ్ళకు సున్నపు నగరమని పేరు. అక్కడి బట్టీల పొగలో కొంత బొగ్గుదైతే, కొంత ఆ రాయిదే. బట్టీలో బొగ్గు మానేసి మరొకటి మండించినా రాయి విడిచే వాయువు తగ్గదు. ఈ సంగతి తర్వాత మళ్ళీ కావలసి వస్తుంది.

రెండో పాయ విద్యుత్తుది. 1800లో వోల్టా తన ఘటమాలికను లోకానికి తెలియజేశాడు. తుత్తునాగం, రాగి లేదా వెండి బిళ్ళలను ఉప్పునీటి అట్టలతో దొంతరగా పేర్చిన పరికరమది. అదే సంవత్సరం ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ దానితో నీటిని రెండు వాయువులుగా విడదీశారు. 1830ల్లో ఫారడే ఈ విద్యుద్విశ్లేషణకు సూత్రాలు కట్టాడు. ఇక్కడ తెలుగు పండితుడినైన నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. కొత్త విషయాలకు మాటలు లేక ఫారడే 1834లో కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్‌కు ఉత్తరం రాశాడు. ఆయన గ్రీకు ధాతువుల నుంచి ఆనోడు, కాథోడు అన్న మాటలు కట్టి ఇచ్చాడు. ఒకటి ఎక్కే దారి, మరొకటి దిగే దారి. మరుసటి సంవత్సరం స్వీడనులో బెర్జీలియస్, తాను ఖర్చు కాకుండా పక్కవాటి మధ్య చర్యను నడిపించే పదార్థం చేసే పనికి "కెటాలిసిస్" అని పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో ఆ పదార్థం ఉత్ప్రేరకమైంది. పెళ్ళి కుదిర్చి, రెండు కుటుంబాలను కలిపి, తాను మాత్రం కండువా దులుపుకొని మరో సంబంధానికి వెళ్ళే పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోండి.

ఈ రెండు పాయలు 1870లో కలిశాయి. ఫ్రాన్సులో రోయే అనే ఆయన బొగ్గుపులుసు వాయువు కరిగిన నీటిలో తుత్తునాగపు ఋణధ్రువం పెట్టి విద్యుత్తు పంపితే ఫార్మిక్ ఆమ్లం పుట్టిందని ప్రకటించాడు. చీమ కుట్టినప్పుడు మండించేది ఆ ఆమ్లమే. లాటిన్ భాషలో చీమకు ఉన్న పేరు నుంచే దానికాపేరు వచ్చింది. కాలిపోయి బూడిద దశకు చేరిన బొగ్గును వెనక్కు తిప్పవచ్చునన్న తొలి సూచన అది. కానీ ఆ దారిన నడిచినవారు కొద్దిమందే. బొగ్గు చవకగా, తర్వాత చమురు ఇంకా చవకగా దొరికే కాలంలో, పొగను తిరిగి ఇంధనం చేయడానికి విద్యుత్తు ఖర్చుపెట్టేవాడెవడు? 1954లో టీటర్, వాన్ రైసెల్‌బర్గ్ అనే ఇద్దరు పాదరసంతో ప్రయోగాలు చేశారు. వారికీ ఫార్మేటే వచ్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చి ధరలు మండిన తర్వాతే లోకం ఈ వైపు మళ్ళీ తల తిప్పింది.

అసలైన మలుపు జపానుది. చీబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరీ, ఆయన సహచరులు ఒక్కొక్క లోహాన్నే తీసుకొని, ఒకే రకం ద్రావణంలో ముంచి, ఏ లోహం దగ్గర ఏమి పుడుతున్నదో ఓపికగా కొలిచారు. 1985లో, ఆ మరుసటి ఏడు ప్రచురించిన చిన్న వ్యాసాల్లో, రాగి దగ్గర మీథేను, ఇథిలీను పుడుతున్నాయని చెప్పారు. మీథేను అంటే గోబర్‌గ్యాసులో మండేది. ఇథిలీను అంటే ప్లాస్టిక్కుకు ముడిసరుకు, కాయలను మగ్గబెట్టే వాయువు. నీళ్ళు, బొగ్గుపులుసు వాయువు, కరెంటు, ఒక రాగి రేకు. ఇంతే సామగ్రి.

తర్వాత 1994లో వారు ప్రచురించిన పట్టికను మా శిష్యుడు నా ముందు పెట్టినప్పుడు నాకు గుడిలో ఉత్సవ విగ్రహం కళ్ళముందు మెదిలింది. పంచలోహాల లెక్కలో బంగారం, వెండి, రాగి ఖాయం. మిగిలిన రెండు చోట్ల తగరం, సీసం, ఇనుము, తుత్తునాగం అని గ్రంథానికొక పాఠాంతరం. హోరీ పట్టికలో ఈ ఏడు లోహాలూ ఉన్నాయి. పంపిన విద్యుత్తులో ఎన్ని పాళ్ళు ఏ వస్తువు తయారీకి ఖర్చయిందో దానిలో నూటికి ఇంత అని వేశారు.

బంగారం దగ్గర 87.1 పాళ్ళు, వెండి దగ్గర 81.5, తుత్తునాగం దగ్గర 79.4 పాళ్ళు కార్బన్ మోనాక్సైడు. ఇది ఒక కులం. సీసం దగ్గర 97.4, తగరం దగ్గర 88.4 పాళ్ళు ఫార్మేటు. ఇది రెండో కులం, పాదరసం కూడా వీరి చుట్టమే. ఇనుము దగ్గర 94.8 పాళ్ళు ఉత్త ఉదజని. అంటే బొగ్గుపులుసు వాయువును వదిలేసి నీటినే విడగొడుతుందన్నమాట. ప్లాటినం, నికెలు ఈ మూడో కులానివి. రాగి ఒంటరిది. దాని దగ్గర 33.3 పాళ్ళు మీథేను, 25.5 పాళ్ళు ఇథిలీను, 5.7 పాళ్ళు ఆల్కహాలు, ఇంకా ఫార్మేటు, ఉదజని వగైరా. విలువలో రాజైన బంగారం చేయలేనిది బిందెలు చేసుకొనే రాగి చేసింది.

ఎందుకిలా? నాకర్థమైనంతలో చెబుతాను. బొగ్గుపులుసు వాయువు లోహాన్ని తాకి, రెండు ఎలక్ట్రానులు పుచ్చుకొని ముందు కార్బన్ మోనాక్సైడు అవుతుంది. బంగారం, వెండి దాన్ని గట్టిగా పట్టుకోవు. అతిథి గడపలోంచే వెళ్ళిపోతాడు. ప్లాటినం, నికెలు, ఇనుము పట్టుకొన్నాయంటే వదలవు. అతిథి అరుగు మీద పక్క వేసుకొని కూర్చుంటాడు, మరొకరికి చోటు ఉండదు. సీసం, తగరాల దగ్గర వాయువు మరో వైపు నుంచి ఒరిగి ఫార్మేటు దారి పడుతుంది. రాగి పట్టు మధ్యస్థం. కాసేపు కూర్చోబెడుతుంది, ఇంకా ఎలక్ట్రానులు తినిపిస్తుంది, పక్కపక్కన కూర్చొన్న ఇద్దరిని జత కూడా చేస్తుంది. మీథేనుకు ఎనిమిది, ఇథిలీనుకు పన్నెండు ఎలక్ట్రానులు కావాలి. అంత సేపు నిలిపి ఉంచగలిగేది రాగి. ఎక్కువ గట్టిగానూ కాక, ఎక్కువ వదులుగానూ కాక పట్టుకొనేదే మంచి ఉత్ప్రేరకమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ సబాత్యే ఏనాడో చెప్పాడు. ఆయనకు 1912లో నోబెల్ బహుమానం వచ్చింది.

పంచలోహాల్లో కలిసిమెలిసి ఉండే ఇనుము, తుత్తునాగం ఈ పనిలో రాగికి పగవాళ్ళు. రాగి రేకు మొదట చక్కగా మీథేను, ఇథిలీను ఇచ్చి, కొన్ని నిమిషాల్లోనే చల్లబడిపోవడం చాలామందికి అనుభవమైంది. రాగి స్వభావమే అంత అనుకొన్నవారూ ఉన్నారు. 2005లో హోరీ బృందం దీని గుట్టు విప్పింది. కొనితెచ్చిన శుద్ధమైన లవణాల్లో కూడా లేశమాత్రంగా ఇనుము, తుత్తునాగం ఉంటాయి. విద్యుత్తు పంపగానే అవి వచ్చి రాగి మీద పూతగా కూర్చొంటాయి. దీనికి విరుగుడు, అసలు ప్రయోగానికి ముందు మరొక రేకు పెట్టి ఆ మాలిన్యాన్ని దాని మీదికి లాగివేయడం. మా శిష్యుడు తన మొదటి ఏడాదిలో ఎనిమిది నెలలు ఇక్కడే కొట్టుకొన్నాడట. "నా లోహం చెడ్డదనుకొన్నాను మాస్టారూ, చెడ్డవి నా నీళ్ళు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో సిగ్గు లేదు, ఒక తేట ఉంది.

ఆ తర్వాతి కాలం లోహాన్ని వెతకడం నుంచి లోహాన్ని కల్పించడం వైపు సాగింది. ఒకే రాగిలో అణువుల అమరిక మారితే ఫలితం మారుతుందని హోరీయే స్ఫటికాల మీద చూపాడు. చతురస్రంగా అమరిన ముఖం ఇథిలీను వైపు, త్రిభుజంగా అమరిన ముఖం మీథేను వైపు మొగ్గుతాయి. 2010లో పీటర్సన్, నార్‌స్కోవ్ మొదలైనవారు కంప్యూటరు గణనలతో రాగి దగ్గర ఏ మెట్టు ఎక్కడం కష్టమో లెక్కకట్టారు. కార్బన్ మోనాక్సైడుకు ఒక ఉదజని అణువును తగిలించే మెట్టు దగ్గరే శక్తి ఎక్కువ పోతున్నదని తేలింది. చిక్కేమిటంటే, ఆ మెట్టుకు కింద ఉన్న దానినీ, పైన ఉన్న దానినీ లోహం పట్టుకొనే బలం రెండూ ఒక కాడికి కట్టిన ఎద్దుల్లా కలిసే కదులుతాయి. ఒకదాన్ని బలపరిస్తే రెండోదీ బలపడుతుంది. మిశ్రలోహాలు చేయడం, రాగిని తుప్పు పట్టించి తిరిగి రాగిగా మార్చి గరుకుదేల్చడం, ఉపరితలం మీద వేరే అణువులను నాటడం, ఇవన్నీ ఆ కాడి విప్పడానికి చేసే ప్రయత్నాలే. స్టాన్‌ఫర్డులో 2012లో రాగి దగ్గర పుట్టే వస్తువులను వెతికితే పదహారు తేలాయి. ఒక రేకు, పదహారు సరుకులు! అద్భుతమే, కానీ అమ్ముకొనేవాడికి తలనొప్పి. ఒక్కటే కావాలి, మిగిలిన పదిహేనూ వద్దు. ఆ ఒక్కదాన్ని పుట్టించేలా లోహాన్ని తీర్చడమే వీరి శిల్పవిద్య.

2018లో కెనడాలోని టొరంటోలో సార్జెంట్ బృందం వాయువును నీటిలో కరిగించకుండా, రంధ్రాలున్న పొర వెనుక నుంచి నేరుగా రాగికి అందించింది. గాఢమైన క్షారద్రావణంలో విద్యుత్తులో 70 పాళ్ళు ఇథిలీనుకు పోయింది. ఆ ధ్రువం 150 గంటలు నిలిచింది. గొప్ప మెట్టే. అయితే క్షారం బొగ్గుపులుసు వాయువును ఊరికే ఉండనివ్వదు, పట్టి కార్బొనేటుగా మార్చేస్తుంది. వాయువులో పెద్ద భాగం అలా పోతుంది. మళ్ళీ సున్నపుతేట కథే.

లెక్కలో మరొక నిజముంది. దాచిపెడితే చరిత్ర చెప్పినట్టు కాదు. బొగ్గు కాలినప్పుడు ఎంత శక్తి ఇచ్చిందో, పొగను వెనక్కు తిప్పడానికి కనీసం అంత శక్తి తిరిగి ఇవ్వాలి. ప్రయోగాల్లో ఇంకా ఎక్కువే. ఆ విద్యుత్తు బొగ్గు మండించే తెస్తే అది చెరువులోంచి తోడి అదే చెరువులో పోయడమే, మధ్యలో ఒలికింది నష్టం. ఎండ నుంచో గాలి నుంచో తెచ్చిన విద్యుత్తయితేనే దీనికి అర్థం. మనకు ఎండ కొరత లేదు. పక్కనున్న ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లోనే పనిచేయడం మొదలుపెట్టింది. పైగా సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాల వంటి చోట్ల, రాయి నుంచే వచ్చే వాయువుకు వేరే విరుగుడు దొరకడం కష్టం. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళున్న ఈ వాయువు 2024 నాటి సగటులో 424 దాటింది. లోహపు రేకులు దీన్నంతా తీసివేస్తాయని మా శిష్యుడు ఎన్నడూ అనలేదు. అంటే నేను నమ్మేవాణ్ణి కాను.

మన నేలకూ ఉత్ప్రేరకాల చరిత్ర ఉంది. హైదరాబాదులో 1944లో నిజాం ప్రభుత్వ కాలంలో వెలసిన ప్రయోగశాల, 1956లో కేంద్ర పరిశోధనా మండలి కిందికి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది. ఘనరూప ఉత్ప్రేరకాల మీద దీర్ఘకాలం కృషిచేసిన మన్నెపల్లి లక్ష్మీకాంతం గారు ఆ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. మంచిర్యాల జిల్లా జైపూరులోని సింగరేణి విద్యుత్కేంద్రం దగ్గర పొగలోని బొగ్గుపులుసు వాయువు నుంచి మిథనాలు తీసే చిన్న ప్రయోగాత్మక కర్మాగారాన్ని తలపెట్టారు. అది రాగి రేకు దారి కాదు. విద్యుత్తుతో ముందు ఉదజనిని తీసి, తర్వాత వేడి, ఒత్తిడుల కింద ఉత్ప్రేరకం మీద రెంటినీ కలిపే దారి. రెండు దారుల్లో ఏది ముందు ఊరు చేరుతుందో చెప్పడం నా తరం కాదు.

ఇక ఆ తండ్రి సంగతి. కనుమ నాటి సాయంత్రం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన మంచం మీద గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. శిష్యుడు ఇంట్లోని రాగి చెంబు తెచ్చి మంచం మీద పెట్టి, నేను రాసిచ్చిన కాగితం చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. బొగ్గుపులుసు వాయువన్నాడు, ఉత్ప్రేరకమన్నాడు, అర్థం కాలేదనిపించినచోట పెళ్ళిళ్ళ పేరయ్యను తెచ్చాడు. తడబడినచోట నేను అందుకోలేదు, వాడే తేరుకొన్నాడు. ముసలాయన మధ్యలో ఒక్క మాటా అడ్డు రాలేదు. అంతా విని, చెంబును చేతిలోకి తీసుకొని, అంచు మీద బొటనవేలు రాస్తూ, "అయితే అబ్బయ్యా, ఆ రేకు ఎన్నాళ్ళు మన్నుద్ది?" అన్నాడు.

శిష్యుడు నా వైపు చూశాడు. వాళ్ళ సభల్లో పెద్ద పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న అదేనట. కర్మాగారంలో పెట్టాలంటే వేల గంటలు మన్నాలి, వాడి రేకు ఇంకా వందల్లోనే ఉంది.

"అదే నాన్నా, ఇంకా తేలడం లేదు" అన్నాడు.

"రాయైనా అంతే. చీల్చినప్పుడు బాగానే ఉంటది. నాలుగు ఎండలూ, రెండు వానలూ చూడాల. తొందరపడి మంచి రాయని చెప్పమాక" అన్నాడాయన. కాసేపు ఊపిరి తీసుకొని నా వైపు తిరిగి, "అయివారూ, మావాడు పనిలోనే ఉండాడు" అన్నాడు.

మిత్రులారా, ఇందులో శాస్త్రపరమైన పొరపాట్లుంటే తెలిసినవారు దయచేసి దిద్దండి. మాటల విషయంలోనూ మీ సాయం కావాలి. "ఫారడే సామర్థ్యం" అన్నదానికి నేను వాడిన "ఎన్ని పాళ్ళు" కంటె మంచి తెలుగు మాట తట్టినవారు వ్యాఖ్యలో రాయండి. వేసవికి మా శిష్యుడు మళ్ళీ వస్తానన్నాడు. ఈసారి మన ఊరి బడిలో పిల్లలకు చెప్పాలట.